తీసిన గడ్డ

వరహాలరావుకి వెలుతురు గురించి తెలియనిది లేదు. మనుషుల గురించి తెలుసుకోవాలని మాత్రం ఆయనకి ఎప్పుడూ తోచలేదు. వాల్తేరులో ఫిజిక్సు ఎమ్మెస్సీ చదివి, స్ఫటికాల మీద పరిశోధనకి కూర్చుని, గైడుతో మాటామాటా పెరిగి సగంలో లేచి వచ్చేశాడు. ఆ స్ఫటికాలకి తీసిన ఫోటోలే తరవాత ఆయనకి అన్నం పెట్టాయి. అరవై తొమ్మిదిలో ఓ పరిశోధన సంస్థ ఆయన్ని సైంటిఫిక్ ఫోటోగ్రాఫరుగా పెట్టుకుని విశాఖ ఏజెన్సీ కొండలకి పంపింది. ఫోటోలు తీయడానికి ఎమ్మెస్సీ ఎందుకురా అని విజయనగరం పక్క పల్లెలో తండ్రి పైడయ్య నెత్తి కొట్టుకున్నాడు.

మొదట్లో కాఫీ ఆకుల మీద తెగులు తీశాడు. తరవాత మనుషుల గొంతులు తీయమన్నారు. అప్పట్లో ఆ కొండల్లో గొంతు గడ్డ లేని గూడెం లేదు. అది ఉప్పులో అయోడిన్ లేక వస్తుందని సంస్థకి తెలుసు. తెలిసి చేసిన ఘనకార్యం ఏమిటంటే, ఫోటోలు తీయించడం.

జి.మాడుగుల సంతరోజున, పాకల వెనక తెల్లగుడ్డ కట్టి, ముందు ఒక స్టూలు వేసేవాడు. మొదటి ఏడే వచ్చి కూర్చుంది సోములమ్మ. కొండ మీద సామలు, పసుపు పండించుకునే మనిషి. గొంతు మీద నిమ్మకాయంత గడ్డ.

గడ్డకి స్కేలు ఆనిస్తుంటే అడిగింది. "ఏటి సేత్తావు బాబూ?"

"గడ్డ తీస్తాను. కదలకు."

ఇంట్లో ఆమె మాట్లాడేది ఒరియా. తెలుగు సంతలో నేర్చుకున్నది. ఆ తెలుగులో ముల్లు తీస్తారు, పుచ్చిపోయిన పన్ను తీస్తారు. గడ్డా తీస్తారు కాబోలు అనుకుంది. లైటు ఫెళ్ళున మెరిసింది. ఆమె గొంతు తడుముకుంది.

మరుసటి ఏడు ఒక కోడిని చంకలో పెట్టుకుని వచ్చింది. "నిరుడు కొంచివే తీసినట్టున్నావు బాబూ. ఈ మాటు పూర్తిగా తీసీ. గంజి కూడా దిగట్నేదు."

వరహాలరావుకి అప్పుడు అర్థమైంది. ఆ రాత్రి సంస్థ బంగళాలో కోడికూర తింటూ ఆ మాట చెప్పి అందర్నీ నవ్వించాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అని ఊరికే అనలేదు. విడమరిచి చెబితే ఆమె మళ్ళీ రాదు. రాకపోతే వరస తెగిపోతుంది. అదే మనిషి, అదే దూరం, అదే వెలుతురు, ఏడాదికొకటి. ఇలాంటి వరస దేశంలో ఎక్కడా లేదనేవాడు. నిజమే. ఒక మనిషి చావుకి అంత ఓపిగ్గా ఎవరు కాపలా కాస్తారు? ఇది చెబుతున్న నాకు ఆయన మీద ఇప్పటికీ కోపమే. సోములమ్మ ఏటా వచ్చేది, ఆయన ఏటా తీసేవాడు, గడ్డ పెరుగుతూనే ఉండేది.

బత్తాయంత అయ్యాక ఆమె వెల్లకిలా పడుకోలేకపోయింది. ఆ ఏడు సంతకి కూతురు నీలవేణి చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది. దారినపోతున్న కొత్త డాక్టరొకాయన ఆ గొంతు చూసి ఆగిపోయాడు.

"ఈమెని విశాఖ పెద్దాసుపత్రికి పంపండి. కోసి తీసేస్తారు. ఆలస్యమైతే ఊపిరాడదు."

సోములమ్మ తల అడ్డంగా ఊపింది. "కోయించుకోను బాబూ. ఈ బాబు కొయ్యకుండానే తీత్తన్నాడు గదా."

ఆ మాట అంతుపట్టక డాక్టరు వరహాలరావు వంక చూశాడు. ఒక్క మాట చాలు. ఇది వైద్యం కాదమ్మా, ఫోటో అంటే చాలు. వరహాలరావు లెన్సు తుడుచుకుంటూ, "ఆవిడ ఇష్టం" అన్నాడు. డాక్టరు చేసేదిలేక వెళ్ళిపోయాడు. సోములమ్మ స్టూలు మీద కూర్చుని, అలవాటైన మనిషి కాబట్టి తనే గడ్డం పైకెత్తింది.

ఆ వరసకి ఢిల్లీలో బహుమతి వచ్చింది. ఆయన శాలువా కప్పించుకుని, ఫోటోల కవరు సంచిలో పెట్టుకుని, మళ్ళీ సంతకి వచ్చాడు. ఈసారి నీలవేణి ఒక్కతే వచ్చింది.

"అమ్మ పోనాది బాబూ. గోడకి ఆనుకుని కూకునే పోనాది."

"నిరుడు నేను తీశాక ఎన్నాళ్ళకి?" అని అడిగాడు వరహాలరావు. వరస చివర రాసుకోవాలి మరి.

నీలవేణి చెయ్యి చాపింది. "ఇన్నేళ్ళు నువ్వు తీసినవి పటాలని అమ్మ పోనాక డాక్టరుబాబు సెప్పినాడు. అమ్మ మొగం ఉన్నది ఒకటియ్యి బాబూ. ఇంట్లో పెట్టుకుంతాం."

వరహాలరావు కవరు ఇచ్చాడు. నీలవేణి ఒక్కొక్కటే తిప్పింది. అన్నీ గడ్డం కింద నుంచి రొమ్ము దాకానే ఉన్నాయి. మొహం ఆయన లెక్కలో ఎప్పుడూ లేదు. పిల్ల మళ్ళీ మొదటి నుంచి, మెల్లిగా చూసింది. అన్నీ మడతపడకుండా సర్ది చేతికిచ్చింది.

"గడ్డని ఉంచీసి అమ్మని తీసీసినావు బాబూ."

ఆమె పాకల మధ్య నుంచి వెళ్ళిపోయాక, వరహాలరావు జేబురుమాలు తీసి, ఫోటోల మీద పడ్డ వేలిముద్రలు తుడవడం మొదలుపెట్టాడు.