నిండు కప్పు చిందని రాజ్యం: వాట్‌గంజ్ పందిట్లో ఒక పూట

ఆశ్వయుజ శుద్ధ అష్టమి. తెల్లవారుజామున సన్నటి జల్లు పడి ఏడింటికల్లా తెరిపిచ్చింది. మబ్బు మాత్రం విడలేదు. నీళ్ళ డ్రమ్ము కడిగి, బోర్లించి, బయలుదేరాను.

కలకత్తాకి బదిలీ మీద కొత్తగా వచ్చిన మనవాళ్ళు దసరా దగ్గర పడితే నన్ను అడిగేది ఒకటే, ఏ పందిళ్ళు చూడాలని. పెద్ద పందిళ్ళ పేర్లు ఎవరైనా చెబుతారు. నేను చిన్నవి వెతికి, చూసి, వచ్చి రాస్తుంటాను. వాట్‌గంజ్‌లో ఓడరేవు పనివాళ్ళ తెలుగు క్లబ్బు ఈసారి ఆకాశంలో తిరిగే ఒక ఊరు కట్టిందని సంత్రాగాఛి రైల్వే యార్డులో పనిచేసే మిత్రుడు చెప్పాడు. కథలో ఆ ఊళ్ళో పదవులన్నీ పరీక్ష పెట్టి ఇస్తారట. "కథ సంగతి అలా ఉంచు, క్లబ్బు వాళ్ళు కూడా అదే పద్ధతి పాటిస్తున్నారంట" అన్నాడు. నేను కదిలింది ఆ రెండో మాటకే. ఉద్యోగంలో సీనియారిటీ చూశాను, సిఫారసు చూశాను. మూడోది కూడా ఒకసారి చూడాలనిపించింది.

సంత్రాగాఛి బస్టాండులో రెండో హుగ్లీ వంతెన మీదుగా వెళ్ళే బస్సు ఎక్కాను. టికెట్టు పదిహేను రూపాయలు. మామూలు రోజుల్లో అరగంట ప్రయాణం, అష్టమి పొద్దున కాబట్టి నలభై నిమిషాలు పట్టింది. వంతెన మీద కిటికీ పక్కన కూర్చుంటే కుడివైపు రేవు క్రేన్లు వరసగా కనిపిస్తాయి. వంతెన దిగాక హేస్టింగ్స్ దగ్గర దిగి, ఖిదిర్‌పూర్ వైపు వెళ్ళే షేర్ ఆటో పట్టుకున్నాను. దానికి ఇంకో పదిహేను. తెలుగువాళ్ళ పందిరి ఎక్కడని అడిగితే డ్రైవరు అద్దంలోంచి నన్ను చూసి నవ్వాడు.

"ఆ తిరిగే పందిరా? నిన్న మా ఆవిణ్ణి తీసుకెళ్ళాను దాదా. లోపల ఒకావిడ తిప్పింది. మా ఆవిడ బయటికొచ్చి, నీ ఆటోలో కన్నా అంతరిక్షంలోనే కుదుపు తక్కువగా ఉందంది."

వెనక కూర్చున్నవాళ్ళందరూ నవ్వారు. తనే సందు మొదట్లో దింపి, దారి చూపించి వెళ్ళాడు.

పందిరి బయటినుంచి చూస్తే పెద్ద తిరగలిలా ఉంది. వెదురు బద్దలు, నల్లగుడ్డ, గుడ్డకి చిల్లులు పొడిచి వెనక పెట్టిన దీపాలు. అమ్మవారు నడుమ ఉంది, చుట్టూ గోడలమీద ఆ ఊరి కథ బొమ్మలుగా వేశారు. ఊరి పేరు అరుంధతి. కథ కట్టింది పైడిరాజుగారు, రేవులో క్రేను నడిపి రిటైరైన మనిషి. భూమి మీద చోటు చాలక కొందరు పైకి వెళ్ళి చక్రంలాంటి ఊరు కట్టుకున్నారు. అక్కడ గాలి కూడా మనిషి చేసుకోవలసిందే. గాలి మర చూసేవాడికి పని రాకపోతే ఊరంతా పోతుంది కాబట్టి, ఎవరి కొడుకు, ఎవరి అల్లుడు అని చూడ్డం మానేశారు. వంటవాడి దగ్గర్నుంచి ఊరి పెద్ద దాకా అందరూ పరీక్షకి నిలబడాల్సిందే, ఏటేటా మళ్ళీ నిలబడాల్సిందే. ఒక బొమ్మలో ఊరి పెద్ద ఓడిపోయి, మర్నాడే బడిలో పాఠం చెబుతూ ఉంటాడు. అతని ముఖంలో దిగులు గీయలేదు. ఆ బొమ్మ దగ్గర చాలాసేపు నిలబడ్డాను.

అమ్మవారి వెనక గుండ్రటి చెక్క వేదిక ఉంది. పదిమంది కూర్చోవచ్చు. కింద ఇనుప చక్రాలు, మధ్యలో తిప్పే పిడి, పక్కన ఆపే మీట. పిడి పట్టుకునేవాళ్ళే ఆ రోజుకి అరుంధతి పెద్ద. చుట్టూ తిప్పుతూ కథ చెప్పి, బయటికి పోయే గుమ్మం ఎదుటికి సరిగ్గా తెచ్చి ఆపాలి. ఆ పని ఎవరిదో రోజూ పొద్దున అమ్మవారికి పువ్వుల అంజలి అయ్యాక పరీక్ష పెట్టి తేలుస్తారు. మట్టి కప్పు నిండా, అంచు తాకేలా టీ పోసి, స్టీలు పళ్ళెంలో పెట్టి వేదిక మీద ఉంచుతారు. మూడు చుట్లు తిప్పి ఆపాక పళ్ళెంలో ఎవరి టీ తక్కువ చిందితే పిడి వాళ్ళది. వెనకటికి రేవులో కొత్తవాడికి క్రేను ఇచ్చే ముందు పాతవాళ్ళు తమలో తాము ఇలాగే చూసుకునేవారట. ఇంకో ఆచారం కూడా ఉంది. గెలిచినవాళ్ళ కప్పులో మిగిలిన టీ ఓడినవాళ్ళు తాగాలి.

ఇదంతా నాకు చెప్పింది క్లబ్బు కార్యదర్శి సింహాచలం, పైడిరాజుగారి తమ్ముడు. నాకు కుర్చీ వేసి, గొంతు తగ్గించాడు. "మా అక్క టెక్కలి నుంచి ఒచ్చినాది బాబూ. నిన్న షాలిమార్‌లో రైలు దిగినాది. కలకత్తా రావడం ఇదే మొదలు. తమ్ముడు తిప్పుతుంటే కూకోవాలని ఆశ. ఈ రాత్రికే మళ్ళీ రైలు. నిన్న మా గౌరి గెలిసీసినాది. ఈయాళన్నా అన్న గెలవాల."

గౌరి పైడిరాజుగారి కోడలు. కార్పొరేషన్‌లో చెత్త తీసే బ్యాటరీ బండి నడుపుతుంది. ఇద్దరు మనుషులు కష్టంగా పట్టే సందుల్లో రోజూ ఆ బండి తిప్పే చెయ్యి ఆవిడది. పైడిరాజుగారికి ఏడాదిగా కుడిచెయ్యి కాస్త వణుకుతోంది. అది అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. అక్కగారు ముందు వరసలో కూర్చుని, ఒళ్ళో చేతిసంచీ పెట్టుకుని, తమ్ముణ్ణే చూస్తోంది.

ముందు గౌరి తిప్పింది. వేదిక మెల్లగా కదిలి, వేగం అందుకుని, ఎప్పుడు ఆగిందో తెలియకుండా ఆగింది. పళ్ళెంలో నాలుగైదు బొట్లు పడ్డాయి. తర్వాత పైడిరాజుగారు కండువా నడుముకి బిగించుకుని పిడి పట్టుకున్నారు. మూడో చుట్టు చివర మీట వేసినప్పుడు వేదిక చిన్నగా ఉలిక్కిపడింది. కానీ పళ్ళెం పొడిగా ఉంది. జనం గోలగోలగా చప్పట్లు కొట్టారు, డోళ్ళు వాయించే ఢాకీలు ఊరుకోలేక రెండు దరువులు వేశారు. అక్కగారు సంచీ కింద పెట్టి లేచి నిలబడింది.

పైడిరాజుగారు మాత్రం కప్పు దగ్గర వంగి అలాగే ఉండిపోయారు. తర్వాత వేలు లోపలికి పెట్టి చూశారు. టీ అంచుకి వేలెడు కిందన ఉంది.

"సింహాచలం, ఈ కప్పు ఎవులు పోసినారు?"

"నానే అన్నా."

"గౌరిది?"

"అదీ నానే."

"రెండూ ఒక్కలాగే పోసినావేటి?"

సింహాచలం నేల చూశాడు. "అక్క ఒచ్చినాది గదన్నా. ఒక్క పూట. ఎవులికేటి నష్టం?"

"పని రానోడికి గాలి మర అప్పగించినోడు కూడా మొదట అలాగే అనుంటాడ్రా" అన్నారు పైడిరాజుగారు. కోపం లేదు. కప్పు తమ్ముడి చేతిలో పెట్టి, "నింపు. పొర్లిపోయేలాగ నింపు" అన్నారు.

గౌరి అడ్డం వచ్చింది. "మామా, ఈయాళకి నువ్వే తిప్పు. అత్త నీ కోసం ఒచ్చినాది. నాను రేపు తిప్పుకుంటాను."

"అలగైతే ఆ గోడమీద బొమ్మలన్నీ సున్నం కొట్టీయాల. ఎల్లి మీ అత్త పక్కన కూకో."

సింహాచలం నింపాడు. పొర్లి కొంత అక్కడే పోయింది, మళ్ళీ నింపాడు. పైడిరాజుగారు రెండోసారి తిప్పారు. ఈసారి ఇంకా మెల్లగా, పళ్ళు బిగబట్టి. పందిట్లో చక్రాల చప్పుడు తప్ప ఏమీ లేదు. మీట దగ్గర అదే చిన్న ఉలికిపాటు. పళ్ళెం అడుగున టీ మరకలా పరుచుకుంది. ఎవరూ కొలవక్కర్లేకపోయింది.

వెంటనే అక్కగారే అందుకుంది. "ఒరే పైడీ, నాను రైలెక్కి ఒచ్చినది నిన్ను సూడ్డానికిరా, నీ చక్రాన్ని సూడ్డానికి గాదు. ఎవులు తిప్పితే ఏటి, నాకు కళ్ళు తిరక్కుండా ఉంటే సాలు. రా, నా పక్కన కూకో."

పందిరంతా నవ్వింది. పైడిరాజుగారు గౌరి కప్పు తీసుకుని గటగటా ఖాళీ చేశారు. "సల్లారిపోనాది. పైగా పంచదార ఎక్కువ" అని తమ్ముడి మీద విసుక్కుని, అక్కతో పాటు వేదిక ఎక్కి ఆవిడ పక్కన కూర్చున్నారు. ఆయన తన పందిట్లో బల్ల మీద కూర్చోవడం అదే మొదటిసారట.

ఆ మొదటి చుట్టులో నాకూ చోటు దొరికింది. గౌరి పిడి తిప్పుతూ కథ బెంగాలీలో మొదలుపెట్టి, మధ్యమధ్య అక్కగారి కోసం తెలుగులోకి దిగింది. నల్లగుడ్డలో చుక్కలు వెనక్కి జారుతున్నాయి. గాలి మర, బడి, వంటిల్లు, ఓడిపోయి పాఠం చెప్పే పెద్ద, అన్నీ వచ్చాయి. నా ఎదురుగా కూర్చున్న బెంగాలీ ఆవిడ అడిగింది, "తార్‌పర్? ఆ మంచి రోజులు తర్వాత ఏమయ్యాయి?"

ఈ ప్రశ్న రోజూ ఎవరో ఒకరు అడుగుతారని, పైడిరాజుగారు నవ్వి ఊరుకునేవారని సింహాచలం ముందే చెప్పాడు. గౌరి ఒక క్షణం మామగారి వైపు చూసింది. తర్వాత చెప్పింది. ఒకరోజు కప్పు నింపేవాడు ప్రేమకొద్దీ అన్నకి వేలెడు తక్కువ పోశాడు. అక్కడితో ఆ ఊరి కథ అయిపోవలసింది. "కానీ అన్న వేలు పెట్టి చూసినాడమ్మా. అందుకే ఇంకా తిరుగుతోంది."

వేదిక ఆగింది. ఆగినట్టు తెలియలేదు. గుమ్మం సరిగ్గా ఎదురుగా ఉంది. అక్కగారు తమ్ముడి భుజం పట్టుకుని దిగుతూ, "బాగా తిప్పినాది రా నీ కోడలు" అంది. "నానే నేర్పినాను" అన్నారు పైడిరాజుగారు. ఆ గొంతులో గర్వం దాచుకోలేదు.

బయట భోగ్ ప్రసాదం వడ్డిస్తున్నారు. కిచిడీ, కలగూర పక్కన పులిహోర కూడా ఉంది. వడ్డించేవాణ్ణి ఇదేమిటని అడిగితే, "మా పందిట్లో రెండూ పరీక్ష రాసినయ్ బాబూ, రెండూ పాసైపోనాయ్" అన్నాడు. డబ్బు తీసుకోరు, హుండీలో ఎంతైనా వెయ్యొచ్చు. రెండింటికల్లా తిరుగు బస్సులో ఉన్నాను.

అర్హతకే పెద్దపీట అన్న మాట గోడల మీద చాలాచోట్ల చదివాను. అది పాటించిన రాజ్యం వెదురుతో, గుడ్డతో, నాలుగు రోజులకి కట్టినదైనా సరే, కళ్ళారా చూడటం ఇదే మొదలు. ఎదుటివాడి కప్పు కొలవడం ఎవరికైనా వస్తుంది. చప్పట్లు కొడుతున్న జనం ముందు, అక్క లేచి నిలబడ్డాక, తన కప్పులో వేలు పెట్టుకోవడానికి ఎంత బలం కావాలో నాకు తెలియదు. నేనైతే పెట్టేవాణ్ణో లేదో కూడా తెలియదు. పైడిరాజుగారికి ఈ మాట చెప్పాలనుకున్నాను. నాకు మాట తొందరగా రాదు. చెయ్యి కలిపి వచ్చేశాను.

వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా. మధ్యాహ్నం తర్వాత వెళ్ళకండి. అప్పటికి దారులు మూసేస్తారు, ఆటోలు తిరగవు. పొద్దున అంజలి వేళకి చేరితే పరీక్ష కూడా చూడొచ్చు. ఆ రోజు పిడి గౌరిదే అయితే, వేదిక ఎక్కాక ఆవిడకి ఎదురు బల్ల మీద కూర్చోండి, మీట మీద ఆవిడ చెయ్యి కనిపిస్తుంది.

ఇప్పుడు పొయ్యిమీద టీ మరుగుతోంది. గ్లాసు అంచుదాకా పోసి, వంటగది నుంచి ఈ బల్ల దాకా తేవాలి. గడప ఒకటి దాటాలి. లేస్తున్నాను.