నాగరాజన్న ఆపరేషన్‌కు భయపడలేదు

నిన్న పొద్దున ఏడు గంటలకు వదిన ఫోన్ చేసింది. "మీయన్న లేయడంల్యా అప్పా" అనింది.

అంతే.

బత్తలపల్లె నుంచి నేను ధర్మవరం పోయేసరికే డాక్టరు చూసి పోయినాడంట. నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నాడంట. నమ్మేదానికి కూడా టైం ల్యా. సాయంత్రానికి మట్టి చేసి వచ్చినాము.

నాగరాజన్న మా పెద్దనాయన కొడుకు. నలభై తొమ్మిదేండ్లు.

ధర్మవరంలో మగ్గాలుండే వాళ్ళకు పరిచయం అక్కర్లేదు. మిగతావాళ్ళకు చెప్తాండా. అన్న పడుగు, అంటే చీర నిలువు పోగులు, అతికేవాడు. మగ్గం మీద పాత పడుగు అయిపోవచ్చినప్పుడు, దాని కొసలకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే మెలిపెట్టి అతకాల. వేల పోగులు. వేలికి బూడిద అద్దుకొని, బొటనవేలితో ఒక్క తిప్పు. మాట్లాడతా, ఎవరినో ఒకరిని ఎగతాళి చేస్తా, చూడకుండానే అతికేవాడు.

ఈ పోస్ట్ పొగిడేదానికి కాదు.

నిన్న మట్టి కాడ ఇద్దరు ముగ్గురు అనుకుంటాండ్రి. ఆ పొద్దు ఆపరేషన్‌కు భయపడకుండా ఉండింటే పడిపోయిన కుడిచెయ్యి మళ్ళా వచ్చేది కదా అని. నేను పక్కనే ఉండి ఊరికే ఉన్నా.

పదకొండేండ్లుగా అట్లే ఊరికే ఉన్నా.

ఆ యాక్సిడెంటు పొద్దు బండి నడిపింది నేను, వెనక కూర్చున్నింది అన్న. రోడ్డు మీద ఎవరో కొర్రలు ఆరబోసినారు. టైరు జారింది. నాకు మోకాలు గీసుకపోయింది. అన్న కుడి భుజం మీద పడినాడు, తల ఎడమ పక్కకు గుంజుకపోయింది. లేపి నిలబెడితే చెయ్యి తడిగుడ్డ మాదిరి వేలాడింది.

మొదట పోయిన ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసినారు. ఎముక విరగలేదు, మెడ కాడ నరాలు దెబ్బ తినింటాయి, వెంటనే అనంతపురంలో నరాల డాక్టరుకు చూపించండి అని చీటీ రాసి నా చేతికిచ్చినారు. అన్న ఇంజెక్షన్ మత్తులో ఉండాడు. ఆ చీటీ సంగతి నాకొక్కడికే తెలుసు.

మర్నాడు ఇంట్లో నేనొక పని చేసినా. రెండు పట్టు పోగులు తెచ్చి అన్న కుడిచేతి వేళ్ళ మధ్య పెట్టి, మెలెయ్యన్నా అన్నా.

వేసినాడు.

ఎప్పుడూ చూడకుండా చేసే పని, ఆ పొద్దు వంగి చూసి చేసినాడు. అది నా బుర్రకు తట్టల్యా.

మా ఇండ్లల్లో వేళ్ళు ఆడితే చెయ్యి ఉన్నట్టే లెక్క. నరాలు బాగుండాయి, ఇది కీలు పట్టు, కట్టు కట్టిస్తే పోతాదని నేనే చెప్పినా. అందరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. చీటీ జేబులోనే ఉండిపోయింది.

ఆకు పసరు, గుడ్డు సొన, వెదురు బద్దలు. కట్టు మీద కట్టు. తొమ్మిది నెలలు.

భుజం కండ కరిగి ఎముక తేలినాక అనంతపురం పోయినాము.

ఆ డాక్టరు ఓపిక ఉన్నాయన. స్కాన్ కవరు మీద పెన్నుతో గీసి చూపించినాడు. మెడలోంచి ఐదు నరాల వేర్లు వస్తాయి. కలిసి మూడవుతాయి. మళ్ళా చీలి, మళ్ళా కలిసి, చంక కాడికి వచ్చేసరికి ఐదు పెద్ద నరాలవుతాయి. ఒకటి భుజం ఎత్తేదానికి, ఒకటి మోచెయ్యి మడిచేదానికి, ఒకటి ఎముక వెనక చుట్టుకొని పోయి మణికట్టు లేపేదానికి, రెండు వేళ్ళకు. అన్నకు పై రెండు వేర్లు తెగినాయి. అందుకే భుజం లేయదు, మోచెయ్యి మడవదు, బొటనవేలికి స్పర్శ ల్యా. వేళ్ళను ఆడించేది ఎక్కువగా కింది వేర్లు. అవి బాగుండాయి.

అన్న ఆ గీతలను చానాసేపు చూసినాడు.

"తెగిన పోగు అతకొచ్చు కదా సార్?"

"ఆర్నెల్ల లోపల వచ్చింటే అతికి చూసేవాళ్ళం. నరం దినానికి సజ్జగింజంత కూడా పెరగదు. అది పోయి చేరేలోపల కండ చచ్చిపోతాది. ముందు చూసినోళ్ళు ఎవరూ చెప్పలేదా?"

"ఎవరూ చెప్పల్యా సార్" అన్నాడు అన్న.

నేను కవరు వైపే చూస్తా నిలబడినా.

వేళ్ళకు పోయే నరంలోంచి ఒక పాయ తీసి మోచేతి కండకు కలిపి చూడొచ్చు, ఇంత ఆలస్యమైనాక గ్యారంటీ ఇయ్యలేను, వేళ్ళలో కొంచెం తేడా రావొచ్చు అన్నాడు డాక్టరు. అన్న రెండు దినాలు ఆలోచించి వద్దన్నాడు. అది భయం కాదు. ఉండే వేళ్ళు కూడా చెడితే చేతిలో పని పోతాది. ఉన్నదాన్ని కాపాడుకున్నాడు.

తర్వాత మగ్గం పైకొయ్యకు పాతచీర ఉయ్యాల మాదిరి కట్టినాడు. పొద్దున్నే వదిన ఆ చెయ్యి ఎత్తి దాంట్లో పెట్టేది. కండ్లతో చూసుకుంటా, అందరికంటే రెండింతలు టైం తీసుకొని అతికేవాడు. ఒకసారి బ్లేడు తగిలి బొటనవేలు తెగింది. తెలియనే లేదు. తెల్ల పడుగు మీద ఎర్ర చుక్కలు చూసి వదిన అరిస్తే, "ఉండనీలేవే, కట్టుకునే ఆయమ్మ ఎర్ర బుట్టాలు అనుకుంటాది" అన్నాడు.

ఓట్లకు వచ్చిన నాయకుడొకాయన, రెండు చేతులెత్తి మొక్కలేదని మొహం ముడుచుకున్నాడు. "ఈ చెయ్యి నా మాటే వినదు సార్, మీ మాట ఏం వింటాది" అన్నాడు అన్న.

అందరం నవ్వినాము. నేను కూడా.

ఆ చీటీ సంగతి అన్నకు చెప్పేదానికి పదకొండేండ్లు ఉన్నింది. పండగలప్పుడు చెప్పొచ్చనుకున్నా, ఒంటరిగా దొరికినప్పుడు చెప్పొచ్చనుకున్నా. దొరికినాడు కూడా. చెప్పల్యా.

ఈ పొద్దు పొద్దున వదినకు చెప్పినా. ఆయమ్మ ఏడవల్యా, తిట్టల్యా. గోడకు ఆనుకొని కూర్చుండి, ఒకే మాట అనింది.

"నాకు చెప్తే ఏమొస్తాదప్పా. ఆయప్పను పిరికోడు అన్నోళ్ళకు చెప్పు."

చెప్తాండా. భయపడింది అన్న కాదు. నేను.

నాగరాజన్నా, ఆ చెయ్యి బరువు ఇంగ నీకు ల్యా. నెమ్మదిగా పండుకో.