ఊఁ కొట్టిన పాపానికి

ఇది నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. నాకు నా పేరు రాయడం వచ్చు. బస్సు నుదుటి మీద నరసరావుపేట అని ఉంటే ఆ అక్షరాల వాలకం చూసి గుర్తుపట్టడం వచ్చు. అంతకుమించి రాదు. ఇప్పుడు ఇంత తేలిగ్గా చెబుతున్నాను గానీ, ఈ ఒక్క మాట బ్యాంకులో నలుగురి ముందు చెప్పడానికి నా ప్రాణం పోయినంత పనయింది.

నా భర్త దాచేపల్లి వైపు సిమెంటు లారీ తోలేవాడు. ఆయన గుండె ఆగి పోయాక, లారీ యజమాని ఇచ్చిన డబ్బు తీసుకెళ్ళి పేటలో ఒక ప్రైవేటు బ్యాంకులో డిపాజిట్ వేశాం. కొన్నాళ్ళకు ఆ బ్యాంకు కుర్రాడు మా ఇంటికే వచ్చాడు. డిపాజిట్ ఉంది కాబట్టి క్రెడిట్ కార్డు ఇస్తామన్నాడు. కొడుకు మెకానిక్ షెడ్డులో ఉన్నాడు, కోడలు తను పాఠాలు చెప్పే బడికి వెళ్ళింది. ఇంట్లో నేనొక్కదాన్నే. అతను నన్ను మేడం అన్నాడు. నా బతుకులో ఎవరూ నన్ను మేడం అనలేదు. కొంగుతో కుర్చీ తుడిచి వేశాను.

“ఏం చదువుకున్నారు మేడం?” అన్నాడు పెన్ను పట్టుకుని.

“పది,” అన్నాను.

ఆ అబద్ధం అతని కోసం పుట్టింది కాదు. కోడలు డిగ్రీ చదివిన పిల్ల. ఆమె ఈ ఇంట్లో అడుగుపెట్టిన నాడే, నేను పది దాకా చదివాను, పెళ్ళి చేసి మాన్పించారు అని చెప్పుకున్నాను. పొద్దున్నే పేపరు వస్తే కళ్ళజోడు పెట్టుకుని ముందేసుకునేదాన్ని. బొమ్మలన్నీ చూసి, “ఘాటుకి కళ్ళు మండుతున్నాయి అమ్మాయ్, నువ్వే చదువు” అని ఆమె చేతికిచ్చేదాన్ని. ఘాటు అబద్ధం కాదు. నేను కోల్డ్ స్టోరేజీ దగ్గర మిరపకాయలకు తొడిమలు తీసే పనికి వెళతాను.

“పనేం చేస్తారు మేడం?”

“కోల్డ్ స్టోరేజీలో,” అన్నాను.

అతను ఉద్యోగం అని రాసుకున్నాడు. పైకే అనుకుంటూ రాశాడు కాబట్టి నాకు వినపడింది. కాదయ్యా, కూలి అని చెప్పొచ్చు. చెప్పలేదు. సంతకం ఎక్కడ పెట్టాలో కాగితం మీద వేలు ఆనించి చూపించాడు. వేలు పెట్టిన చోటల్లా పేరు రాశాను.

తర్వాత ఫోను వచ్చింది. అప్పుడు నేను పనిలో ఉన్నాను. తొడిమలు తీసే చోటు చూడనివాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. మిరపకాయల రాశి చుట్టూ కూర్చుంటాం. ఘాటుకు ముక్కూ నోరూ మూసి గుడ్డ కట్టుకుంటాం. చూపు చేతుల మీదే ఉంటుంది. ఒకరు కథో, ఇంట్లో బాధో చెబుతుంటే మిగతావాళ్ళు ఊఁ కొట్టాలి. మొహాలు కనపడవు కాబట్టి ఆ ఊఁ ఒక్కటే గుర్తు. ఊఁ ఆగితే చెప్పేవాళ్ళకు కోపం వస్తుంది. “ఏమే, నేనేమన్నా రాశికి చెబుతున్నానా?” అంటారు. ఆ పనిలో నాకు మంచి పేరు. సగం వినకపోయినా నా ఊఁ తప్పదు.

ఫోనులో ఒక ఆడపిల్ల. మాట తెలుగే, కానీ వార్తలు చదివినట్టు గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోతోంది, మధ్యలో ఇంగ్లీషు. నాకు అందిందల్లా కార్డు, బాకీ, మీ రక్షణ కోసం. ఆమె ఆగిన చోటల్లా నేను ఊఁ అన్నాను. ఆఁ అన్నాను. ఎదురుగా కూర్చున్న ఆమె చేతులాపి, “ఎవరే, కలెక్టరా?” అంది. అందరూ నవ్వారు. బ్యాంకు అని చేత్తో సైగ చేసి, నేను ఇంకొంచెం నిటారుగా కూర్చున్నాను.

కార్డు వచ్చింది. దాని మీద ఫ్రిజ్ కొన్నాం, ఆ తర్వాత ఇంటికి కావలసినవి ఏవేవో. బిల్లు వస్తే కొడుకు కింద ఉన్న మొత్తం చూసి కట్టేవాడు. మధ్యలో ఏముందో మా ఇంట్లో ఎవరూ చూడలేదు.

మొన్న ఎండాకాలం గోతాల మీద కాలు జారి పడ్డాను. ఎడమ మణికట్టు విరిగింది. పిండికట్టు వేశారు. పని ఆగింది, కూలి ఆగింది. కార్డు బాకీ ఎలాగా అని కోడలు ఫోనులో బిల్లు తెరిచి ఒక్కొక్క వరుసా చదివింది.

“అత్తయ్యా, నెలనెలా ఇన్సూరెన్స్ అని కోస్తున్నారు. మీరేమన్నా తీసుకున్నారా?”

“నేనెందుకు తీసుకుంటానమ్మాయ్?”

ఆమె ఆ ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోను చేసింది. జబ్బు చేసి పనికి పోలేకపోతే కార్డు బాకీ వాళ్ళే కడతారట, దానికోసమేనట ఆ కోత. ఆ మాటకు నా ప్రాణం లేచొచ్చింది. అయితే అది నెలజీతం వచ్చేవాళ్ళకేనట, కూలివాళ్ళకు వర్తించదట. “వర్తించనిది మా అత్తయ్యకు ఎట్టా అమ్మారు?” అంది కోడలు. బ్యాంకులో అడగమన్నారు. కోసుకున్నదంతా వెనక్కి వస్తేనే ఆ పూటకు బాకీ తీరేది. లేకపోతే డిపాజిట్లో కోసుకుంటారు. అది ఆయన ప్రాణానికి వచ్చిన డబ్బు.

బ్యాంకుకు పోయి ఆ కుర్రాడి మీద గట్టిగా అరిచాను. నా గొంతు మొదటినుంచీ బొంగురు, అరిస్తే వీధి చివరిదాకా పోతుంది.

“ఏందయ్యా, నేనడిగానా నిన్ను? మొగుడు లేనిదాన్ని, అడిగే దిక్కు లేదనేగా నా నెత్తిన రుద్దావు? ఎవరు ఒప్పుకున్నారు? నేను ఒప్పుకోలా. నా బిడ్డ మీద ఒట్టు.”

మేనేజరు పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఫోనులో మాట్లాడింది రికార్డు అయి ఉంటుంది, తెప్పిస్తాను, అది వచ్చాక రండి అన్నాడు. తెప్పించమనే చెప్పి, గెలిచినట్టు బయటికొచ్చాను.

మళ్ళీ పిలిచిన రోజు బ్యాంకు నిండా జనం ఉన్నారు. పింఛను కోసం వచ్చిన ముసలివాళ్ళు మేనేజరు అద్దాల గది బయట బల్లల మీద ఉన్నారు, తలుపు తీసే ఉంది. మేనేజరు కంప్యూటరులో ఏదో నొక్కాడు. ఆ ఆడపిల్ల గొంతు వచ్చింది. తర్వాత నాది.

అది నా గొంతని మొదట పోల్చుకోలేదు. ఇంట్లో నేను ఎవరినీ అండీ అనను. అందులో “ఆఁ అండి, అట్లాగేనండి” అని ఒక మెత్తటి గొంతు, తెచ్చిపెట్టుకున్న గొంతు. ఆ పిల్ల, మీరు ఉద్యోగం చేస్తున్నారు కదా అంది. ఆఁ. నిబంధనలు మీకు అర్థమయ్యాయా అంది. ఊఁ. నెలనెలా మినహాయించుకోవడానికి అంగీకరిస్తున్నారా అంది. ఊఁ, ఊఁ. వెనకాల “ఎవరే, కలెక్టరా” అన్న మాటా, ఆడవాళ్ళ నవ్వూ అన్నీ వినపడ్డాయి.

బల్ల మీది ముసలాయన ఒకడు, నేను అరిచిన రోజు కూడా అక్కడే ఉన్నవాడు, “అన్నిటికీ తలూపి ఇప్పుడు ఒట్లు పెడుతోందే ఈవిడ,” అన్నాడు పక్కవాడితో. ఇద్దరూ నవ్వుకున్నారు. బిడ్డ మీద పెట్టిన ఒట్టు గుర్తొచ్చింది నాకు.

“పది చదివారని ఉంది, ఉద్యోగం అని ఉంది, ఫోనులో ఒప్పుకున్నారు,” అన్నాడు మేనేజరు. “పైవాళ్ళకు నేనేం రాయను, చెప్పండమ్మా?”

కోడలు ఏదో అనబోయి ఆగింది. నా వైపు చూడలేదు. తల వంచుకుని తన గాజులు సర్దుకుంటోంది. లేచి వచ్చేయొచ్చు. డబ్బు పోతుంది, పది చదివిన పరువు ఉంటుంది. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను, రాశి దగ్గర గుడ్డ కట్టుకున్నట్టు. అప్పుడు వచ్చింది మాట.

“నాకు చదువు రాదు సార్.”

వినపడలేదు, మళ్ళీ చెప్పమన్నాడు. ఆ రోజే నా బొంగురు గొంతు సన్నమైపోయింది. మళ్ళీ చెప్పాను, ఈసారి బల్లల దాకా పోయింది.

“ఒక్క ముక్క రాదు. పది అని అబద్ధం చెప్పాను. చేసేది తొడిమలు తీసే కూలి. ఊఁ అంటే వింటున్నానని సార్ మాకు. ఒప్పుకున్నానని కాదు. ఆ పిల్ల చెప్పింది నాకేం తెలవలా. తెలవలేదని చెప్పడానికి సిగ్గేసింది.” కుర్రాడు తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. “నువ్వన్నా చెప్పయ్యా. సంతకం యాడ పెట్టాలో వేలు పెట్టి చూపించావు గదా. పది చదివినదానికి వేలెందుకు చూపిస్తారు?”

మేనేజరు ఆ కుర్రాడి వైపు ఒకసారి చూసి, కోడలికి తెల్ల కాగితం ఇచ్చాడు. చదువు రాదని, కూలి పని అని, చెప్పింది అర్థం కాలేదని రాయమన్నాడు. రాశాక సంతకానికి నేను పెన్ను అందుకున్నాను.

“వేలిముద్ర వేయండమ్మా,” అన్నాడు. “చదువు రాదని రాసి కింద సంతకం ఉంటే పైవాళ్ళు అడుగుతారు.”

నా పేరు రాయడం నాకు నేర్పింది నా భర్త. లారీ బానెట్ మీద సిమెంటు దుమ్ములో వేలితో రాసి చూపించేవాడు, నేను దాని పక్కన రాసేదాన్ని. తప్పు రాస్తే చేత్తో తుడిచేసి మళ్ళీ రాయించేవాడు. అది వచ్చాక నేను ఏ కాగితం మీదా వేలిముద్ర వేయలేదు. ఆయన చావు కాగితాల మీద కూడా పేరే రాశాను. ఆ రోజు సిరా డబ్బాలో బొటనవేలు అద్దాను.

ఆటోలో వస్తూ వేలు కొంగుకు రుద్దుకుంటుంటే కోడలు మెల్లగా అంది, “నాకెప్పుడో తెలుసు అత్తయ్యా. ఏ మాత్ర ఏదో గుర్తుకోసం మందుల షీట్లకు రంగు దారాలు కట్టుకుంటారు గదా మీరు.”

తెలిసీ రోజూ పేపరు నా ముందే పెట్టేది. నేను బొమ్మలు చూసి మడిచేదాకా ఆగేది. బ్యాంకులో ముసలివాళ్ళు నవ్వినప్పటికన్నా ఆ మాటకే ఎక్కువ తలవంపుగా అనిపించింది.

డబ్బు వచ్చింది. కొంత ఆలస్యంగానే గానీ, కోసింది మొత్తం కార్డులో పడింది. డిపాజిట్ జోలికి పోవలసిన పని లేకపోయింది.

కట్టు విప్పాక పనికి వెళ్ళాను. రాశి దగ్గర కూర్చోగానే, అప్పుడు కలెక్టరా అని అడిగిన ఆమే మొదలుపెట్టింది.

“వెనక్కి ఇచ్చారంటగా. ఏం చెప్పావే వాళ్ళకి?”

“ఏం చెబుతాను? గట్టిగా అరిచా. జడుసుకుని ఇచ్చారు,” అన్నాను గుడ్డ లోపలి నుంచి.

అందరూ ఊఁ అన్నారు.

ఇక్కడికి వచ్చేసరికి కోడలు పెన్ను ఆపింది. “ఇది కూడా రాయమంటారా అత్తయ్యా? రాశి దగ్గరవాళ్ళు ఎవరిచేతన్నా చదివించుకుంటే తెలిసిపోతుంది,” అంది.

రాయమన్నాను. రాసింది ఒకసారి చదివి వినిపించమన్నాను. చదువుతున్నంతసేపూ నేను ఊఁ కొట్టలేదు. ఆమె మధ్య మధ్య ఆగి నా మొహం చూసి, మళ్ళీ చదివింది.