శిలాఫలకం వెనకవైపు

డెబ్బైల్లో మాదాపూర్ దాటితే కనిపించేవి బండలూ తుమ్మచెట్లే. అక్కడ విశ్వవిద్యాలయం, అందులో గొప్ప గ్రంథాలయం కడతారంటే నవ్వొచ్చేది. ఒకరోజు అటు వెళ్లే బస్సులో ఒకతను నా పక్కన కూర్చుని, గోనెలో చుట్టిన రాతిపలకను సరిగ్గా నా కాలికి ఆనించాడు.

"ఏమిటయ్యా ఇది?" అన్నాను విసుగ్గా.

"లైబ్రరీ రాయి సారూ. పేర్లు చెక్కేటోణ్ణి."

గోనె తప్పించాడు. నల్లరాతి మీద గ్రంథాలయ శంకుస్థాపన అని, కింద మంత్రిగారి పేరు, బిరుదులు.

"చెక్కడం సరే, చదవడం వచ్చా?" అన్నాను. ఎమ్మే చదివిన పొగరు నాది.

"వస్తది సారూ. గదే పరేషాన్. రాకుంటే ఫికర్ లేకుండ చెక్కుతుంటి."

పలకను మోకాళ్ల మీద తిప్పాడు. వెనకవైపు ఇంకో మంత్రి పేరు, అవే బిరుదులు, అక్షరాల గాడుల్లో మట్టి.

"పాతాయన కుర్సీ పోయింది. కొత్తాయన మళ్ల శంకుస్థాపన చేస్తడట. గదే రాయి తిప్పి చెక్కమన్నరు."

"గోడలు ఎంతవరకు లేచాయి?"

"గోడలేడియి సారూ? పునాది గుంతల మేకలు పండుకుంటున్నయ్." పలక అంచును బొటనవేలితో తడిమాడు. "ఈయన గూడ పోతే ఇగ గీ అంచే మిగిలింది."

ఎలాగో భవనం లేచింది. ఆ పలకను గుమ్మం పక్కన గోడకు సిమెంటుతో అతికించారు. నేను అక్కడే లైబ్రేరియన్‌గా చేరి రిటైరయ్యాను. ఉద్యోగం వదిలి వెళ్లేముందు భవనం చరిత్ర రాయమంటే, ముందువైపు కనిపించే పేరును పొగుడుతూ రెండు పేజీలు రాసిచ్చాను.

చదవడం వచ్చా అని ఆ మనిషిని అడిగింది నేనే.