వంటవాడి ఇఖామా మీద ఇటలీ చదువు

ప్రపంచ చరిత్రలో 1990 ఆగస్టు నెలకు రెండు కారణాల వల్ల స్థానం దక్కాలి. ఇరాక్ సేనలు కువైట్‌లోకి ప్రవేశించడం మొదటిది. దీన్ని పత్రికలన్నీ రాశాయి. సౌదీలో, జుబైల్‌లో ఒక ఇటలీ కంపెనీ క్యాంపులో ఉండే హరనాథ్ మధ్యాహ్నం కాఫీలో పాలు మానెయ్యడం రెండోది. దీన్ని ఏ పత్రికా పట్టించుకోలేదు. సామర్లకోటలో పుట్టి, పాలు చిక్కగా లేకపోతే గ్లాసు పక్కకు నెట్టేసే ఇంట్లో పెరిగిన మనిషి, ఒకానొక మధ్యాహ్నం లేచి నిలబడి, బొటనవేలంత కప్పులో తారు లాంటి ద్రవాన్ని రెండు గుక్కల్లో మింగి, మొహం చిట్లించకుండా కప్పు కింద పెట్టాడు. ఇంతటి సంస్కరణకు ఎంత గుండె నిబ్బరం కావాలో గిట్టనివాళ్లు కూడా ఒప్పుకోవాలి.

పొద్దుటి కాఫీ వేళ దాటాక పాలు పోసుకోవడం ఇటలీలో మోటుతనమని మేనేజరు పావేసీ ఏదో మాటల మధ్య అన్నాడు. ఆ ఒక్క ముక్కతో ఒక వంశాచారం అంతరించింది.

గదిలో అతనితో ఉండే ఎలక్ట్రీషియను సదానందం, జగిత్యాల దిక్కు మనిషి, ఈ పరిణామాన్ని హర్షించలేదు.

"గదేం తాగుడు సారూ? మా ఊర్ల బర్రె సచ్చినోల్ల ఇంట్ల సుత పాలు అడుక్కచ్చి పోస్తరు."

"నీకు తెలీదులే సదానందం. అదొక సంస్కృతి."

"ఔ, కడుపుల మంట లేస్తె గప్పుడు తెలుస్తది సంస్కృతి."

హరనాథ్ ఇంజనీరు. ఇటలీ నుంచి వచ్చే డ్రాయింగుల మీద మార్జిన్లలో రాసినవి చదివి, సైటులో మేస్త్రీలకు విడమరిచి చెప్పడం అతని పని. ఆ భాష పుస్తకం చూసి సొంతంగా నేర్చుకున్నాడు. ఉద్యోగానికి అంతకన్నా అక్కర్లేదు. కానీ ఒకరోజు పావేసీ బల్ల మీద ఒక రంగుల కరపత్రం చూశాడు. కొండ మీద పాత ఊరు. అక్కడొక విశ్వవిద్యాలయం. విదేశీయులకు వేసవిలో ఇటాలియన్ భాషా సంస్కృతులు నేర్పుతారు. పొద్దున్న వ్యాకరణం, మధ్యాహ్నం చిత్రకళ, ఆదివారాలు విహారయాత్ర. బొమ్మలో కొందరు విద్యార్థులు రాతిమెట్ల మీద కూర్చుని ఐస్‌క్రీం తింటున్నారు.

హరనాథ్‌ను పట్టుకున్నది ఆ మెట్లే. వాల్తేరులో అతను చదివిన చదువు వారాలు చేసుకుని తిన్న చదువు. అన్నం పెట్టిన ఇళ్లవాళ్ల ముందు తలవంచి, ఈ కంపెనీ వాళ్ల ముందు తలవంచి ఇంతవరకు వచ్చాడు. ఒక్క వేసవి, ఒకే ఒక్క వేసవి, ఎవరికీ సంజాయిషీ చెప్పుకోకుండా విద్యార్థిగా ఆ మెట్ల మీద కూర్చోవాలి. ఇంతే అతని కోరిక.

జనవరిలో యుద్ధం ముంచుకొచ్చింది. అప్పటికి అతనికి సెలవు మంజూరైంది, పాస్‌పోర్టు మీద దేశం దాటి మళ్లీ రావడానికి ఎగ్జిట్ రీఎంట్రీ ముద్ర పడింది. సామర్లకోటలో భార్య చాముండేశ్వరికి నెలలు నిండుతున్నాయి. పెట్టె సర్దుకుంటుంటే పావేసీ గదికి వచ్చాడు.

"డ్రాయింగులన్నీ ఇక్కడే ఉన్నాయి హరనాథ్. ఎవరో ఒకరు కాపలా ఉండాలి. నువ్వు ఉంటే, ఈ వేసవి కోర్సులో కంపెనీకున్న సీటు నీదే. నా మాట."

"మరి మీరెక్కడికి సార్?"

"ఇటలీకి" అన్నాడు పావేసీ, బయట ఆగి ఉన్న బస్సు వైపు నడుస్తూ.

ఆ విధంగా ఇటలీ వాళ్లంతా ఇటలీకి పోగా, ఇటలీ మీద ప్రేమతో హరనాథ్ జుబైల్‌లో మిగిలాడు. సెలవు వెనక్కిచ్చేశాడు. సైరన్ మోగినప్పుడల్లా గ్యాస్ మాస్కు తగిలించుకుని, డ్రాయింగుల బీరువాకు వీపు ఆనించి క్రియాపదాలు వల్లెవేశాడు.

"ఒక్క మాట సదువుతడు, అద్దం మీద ఆవిరి. తుడుసుకుంటడు, ఇంకో మాట" అని సదానందం మెస్సులో అభినయించి చూపించేవాడు. "బాంబు వడితె యములోల్లకు సుత ఇటలీల జవాబు చెప్తడు మా సారు."

ఫిబ్రవరిలో కూతురు పుట్టింది. స్నిగ్ధ అని పేరు పెట్టారు. తండ్రి ఆ పేరు, భార్య మాటలు రికార్డు చేసి పంపిన కాసెట్‌లో విన్నాడు.

యుద్ధం ముగిసింది, ఇటలీ వాళ్లు తిరిగొచ్చారు. పావేసీ మాట తప్పే మనిషి కాడు. సీటు ఖరారు చేస్తూ ఉత్తరం ఇచ్చాడు. హరనాథ్ కొత్త కోటు కుట్టించుకుని, ఆఫీసులో పాస్‌పోర్టుల పనులు చూసే కరీంనగర్ ఖాదర్ మొహిద్దీన్‌ను వెంటబెట్టుకుని రియాద్ వెళ్లాడు. ఇటలీ ఎంబసీ వీసా కౌంటరులో ఒకావిడ ఉత్తరం చదివింది, సౌదీ నివాసపు కార్డు ఇఖామా చదివింది, మళ్లీ ఉత్తరం చదివింది.

"ఇందులో ఇంజనీరని ఉంది. ఇఖామాలో వంటవాడని ఉంది. మీరు వంటవారా?"

"కాగితం మీద మాత్రమే" అన్నాడు హరనాథ్, ఆవిడ భాషలోనే, నిర్దుష్టంగా.

"మేము చూసేది కాగితమేనండీ" అంది ఆవిడ. చాలా మర్యాదగా అంది.

ఇక్కడ చదువరులకు ఒక సంగతి విన్నవించాలి. గల్ఫ్‌కు వచ్చేవాడు తన వృత్తి చూసుకుని రాడు, ఏజెంటు దగ్గర ఏ వీసా ఉంటే దాని మీద వస్తాడు. హరనాథ్ వచ్చిన ఏడు బొంబాయి ఏజెంటు దగ్గర ఇంజనీరు వీసాలు అయిపోయాయి, వంటవాడివి మిగిలాయి. వెల్డర్లు మంగళ్లుగా వచ్చారు. సదానందం గొర్రెల కాపరి. కాగితాలే సత్యమైతే, జుబైల్‌లో ఆకాశాన్నంటే ఆ గొట్టాలన్నిటినీ నిలబెట్టింది క్షురకులు, గొర్రెల కాపరులు, నీళ్లు కాచడం కూడా రాని కొందరు వంటవాళ్లు.

తిరుగు బస్సులో ఖాదర్ మొహిద్దీన్ ఊరుకోలేదు.

"ఏటేటా చెప్పలేదా హరనాథ్ సాబ్? ఇఖామా రెన్యువల్ అప్పుడే గా వంటవాడి పేషా మార్పించుకోండ్రి, మార్పించుకోండ్రి అని. నవ్వితిరి గద. నా చేతి సాంబారు తింటావా ఖాదర్ అని నన్నే మజాక్ చేస్తిరి."

"తప్పే."

"గిప్పుడు తినండ్రి."

సీటు వృథా పోకూడదు కదా. అందరి వీసాలకు పూచీపడే సౌదీ యజమాని ఉంటాడు, అతనే కఫీలు; ఆ కఫీలు మేనల్లుడు మిషాల్ పేరు కంపెనీ ఉద్యోగుల్లో ఉంది, మనిషి ఎప్పుడో ఒకసారి కనిపించేవాడు. అతన్ని పంపారు. కుర్రాడు మంచివాడు. బయలుదేరే ముందు హరనాథ్ దగ్గర కూర్చుని నమస్కారం చెప్పడం, దారి అడగడం నేర్చుకున్నాడు. హరనాథ్ శ్రద్ధగా నేర్పాడు. ఎవరైనా ఏడ్చే చోట అతను ఉచ్చారణ దిద్దాడు. వేసవి చివర మిషాల్ తిరిగొచ్చి, గురుభక్తితో ఒక ఫోటో కానుకిచ్చాడు. రాతిమెట్లు, చేతిలో ఐస్‌క్రీం, నల్లకళ్లద్దాలు.

"ఎలా ఉంది అక్కడ?" అని అడిగాడు హరనాథ్.

మిషాల్ చాలాసేపు ఆలోచించాడు. "ఎండ ఎక్కువ" అన్నాడు.

పావేసీ నొచ్చుకున్నాడు. "వచ్చే ఏడు తప్పకుండా. ముందు ఆ వృత్తి మార్పించుకో."

ఇక మొదలైంది అసలు యుద్ధం. గల్ఫ్ యుద్ధం దీని ముందు పిల్లలాట. వంటవాణ్ణి ఇంజనీరుగా మార్చాలంటే కఫీలు సంతకం కావాలి, డిగ్రీ పట్టా మీద వాల్తేరులో ఒక ముద్ర, హైదరాబాదులో ఒకటి, ఢిల్లీలో రెండు కావాలి. హరనాథ్ జుబైల్‌లో ఉండి ఆజ్ఞలు కాసెట్లలో పంపేవాడు. చంటిదాన్ని చంకనేసుకుని ఆఫీసుల చుట్టూ తిరిగింది చాముండేశ్వరి. చలికాలంలో రెండు నెలలు ఇంటికి వెళ్లి రావచ్చు. వెళ్తే వేసవికి సెలవు మిగలదు. వెళ్లలేదు.

ఒక కాసెట్‌లో ఆమె గొంతు ఇలా వచ్చింది. "ఏవండీ, మీ పట్టా మీద ఢిల్లీ ముద్ర పడింది. మీ అమ్మాయికి పళ్లొచ్చాయి. రెండింట్లో మీకేది ముఖ్యమో తెలుసు గనక ముందు ముద్ర సంగతే చెప్పాను. దానికి మీ ఫోటో చూపించి నాన్న అని నేర్పుతున్నాను. నిన్న గోడమీద కేలండర్లో మనిషిని చూసి కూడా నాన్న అంది. నేను దిద్దలేదు."

సదానందం కూడా విన్నాడు. ఆ రోజు మాత్రం అతను ఏ హాస్యమూ ఆడలేదు. "పో సారూ ఇంటికి" అన్నాడు.

"ఒక్క వేసవి సదానందం. అది అయిపోతే అన్నీ అవుతాయి."

1992 వసంతానికి ప్రభుత్వ లాంఛనాలన్నీ పూర్తయి, హరనాథ్ అధికారికంగా వంట మానేశాడు. కొత్త ఇఖామాలో ఇంజనీరు అని పడింది. ఖాదర్ దమ్మామ్ నుంచి మిఠాయి తెచ్చాడు. రియాద్ కౌంటరులో ఈసారి వేరే ఆయన ఉన్నాడు, ఏమీ అడక్కుండా వీసా ముద్ర కొట్టాడు. క్యాంపులో గొర్రెల కాపరులు, మంగళ్లు కలిసి మేకను కోసి విందు చేశారు. కోటు తొడుక్కున్న హరనాథ్‌ను మధ్యలో నిలబెట్టారు. అతను మొదట ఇటాలియన్‌లో, తర్వాత తెలుగులో ఉపన్యసించాడు. ఒక మనిషి జీవితంలో విద్యార్థి దశ రెండుసార్లు రావడం పూర్వజన్మ సుకృతమన్నాడు. రెండు భాషల్లోనూ చప్పట్లు పడ్డాయి.

"ఆడికి పొయినంక మమ్ముల మర్వకు సారూ."

"మరవను. మెట్ల మీద కూర్చుని అందరికీ ఉత్తరాలు రాస్తాను."

రీఎంట్రీ కోసం పాస్‌పోర్టు కఫీలు ఆఫీసుకు వెళ్లింది. వారం తిరక్కుండా పావేసీ పిలిపించాడు. బల్ల ఖాళీగా ఉంది, అట్టపెట్టెలు కట్టి ఉన్నాయి.

"కూర్చో హరనాథ్. ప్లాంటు అప్పగించేస్తున్నాం. తర్వాతి కాంట్రాక్టు కొరియా వాళ్లకు వెళ్లింది."

"కోర్సు సంగతి సార్?"

"అది కంపెనీ ఉద్యోగులకు. ఈ నెలాఖరుతో ఇక్కడ కంపెనీకి ఉద్యోగులు ఉండరు." పావేసీ చెయ్యి చాచాడు. "నువ్వు చాలా బాగా మాట్లాడతావు. నిజంగా."

హరనాథ్ ఆ చెయ్యి పట్టుకుని ఇటాలియన్‌లో కృతజ్ఞతలు చెప్పాడు. ఉచ్చారణలో ఎక్కడా దోషం లేదు.

కొన్నాళ్లకు ఖాదర్ మొహిద్దీన్ పాస్‌పోర్టు తెచ్చి ఇచ్చాడు. పేజీ తిప్పి చూపించాడు. రీఎంట్రీ లేదు, ఇక తిరిగి రాకుండా వెళ్లిపొమ్మనే ఫైనల్ ఎగ్జిట్ ఉంది. దాని పక్క పేజీలోనే ఇటలీ వీసా, ఇంకా గడువు ఉన్నది.

జూలైలో హరనాథ్ ధహ్రాన్‌లో విమానం ఎక్కాడు. అది బొంబాయి విమానం.