దుప్పటి మడతలో సూది

నర్సు పుష్పావతి చేతికి నరం ఒక్కసారికే దొరుకుతుందని కౌల్ బజార్‌లో పేరు. గనుల లారీలు తెరిపి లేకుండా తిరుగుతున్న కాలమది. ఒళ్ళంతా ఎర్రదుమ్ముతో, జ్వరంతో వచ్చే డ్రైవర్లు నర్సింగ్ హోమ్ మెట్లెక్కుతూనే "పుష్పక్క ఉండాదా?" అని అడిగేవారు. ఆ పేరంటే ఆమెకూ ఇష్టమే.

ఆ చేతినేర్పు ఆస్పత్రిలో అబ్బింది కాదు. తల్లి హొన్నూరమ్మ ఇంట్లో జీన్స్ ప్యాంట్లు కుట్టేది. బడి నుంచి రాగానే పుష్పావతి గుండీలు కుట్టాలి. సూది కింద పెడితే తల్లి ఊరుకునేది కాదు. "ఎవురి కాల్లోనన్నా దిగుతాది. గుడ్డలో గుచ్చు" అనేది. వేలికి గుచ్చుకుంటే నోట్లో పెట్టుకుని మళ్ళీ కుట్టడమే. నర్సు చదువు ఎన్నో నేర్పింది గానీ, గుడ్డలో గుచ్చే అలవాటును మాత్రం మాన్పలేకపోయింది.

ఆ ఉదయం మోక ఊరి నుంచి వచ్చిన లారీ డ్రైవరు సిద్ధేశ్‌కు సెలైన్ పెడుతోంది. సన్నటి ప్లాస్టిక్ గొట్టం నరంలో నిలిచింది, సూది బయటికి వచ్చింది. టేపు అంటించడానికి రెండు చేతులూ కావాలి. సూదిని దుప్పటి మడతలో గుచ్చింది, మొన ఇవతలికి తేలేలా, అచ్చం తల్లి గుచ్చినట్టే. టేపు అంటుకుంటుందని కుడిచేతి గ్లవ్ అప్పటికే తీసేసింది. అతని దిండు సర్దుతూ దుప్పటి మీద చెయ్యి ఆనించింది. బొటనవేలు చురుక్కుమంది.

వేలు దానంతటదే నోటి దాకా వెళ్ళింది. పెదవుల దగ్గర ఆపుకుని, కుళాయి దగ్గరికి నడిచింది.

ఆయా తిమ్మమ్మ చూడనే చూసింది. "పిండు పుష్పా, చెడ్డ రక్తం పోతాది."

"పిండగూడదు తిమ్మక్కా. సబ్బూ నీళ్ళూ చాలు."

"అట్లయితే సుమ్నే ఉండు, ఎవురికీ చెప్పొద్దు. ఊరందరికీ నరం పట్టే పుష్పక్క తన వేలే పొడుచుకునిందంట అని నవ్వుతారు."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. కానీ సిద్ధేశ్ రక్తంలో ఏముందో ఎవరికి తెలుసు? ఉండకూడనిది ఉంటే మాత్రలు ఇవాళే మొదలుపెట్టాలి. పేరు కాపాడుకుంటూ కూర్చుంటే ఆ పూట కాస్తా దాటిపోతుంది. చెయ్యి తుడుచుకుని డాక్టరు సరోజినీదేవి గదిలోకి వెళ్ళింది.

"దుప్పట్లో గుచ్చిపెట్టినా మేడం. కుట్టుపని అలవాటు."

"ఇది ప్యాంటు అనుకున్నావా!" డాక్టరమ్మ కసిరింది. వేలు చూసి గొంతు తగ్గించింది. "కామెర్ల టీకాలు?"

"మూడూ అయినాయి."

"అది నయం. ఇంక హెచ్ఐవి సంగతి. అతను ఒప్పుకుంటే ఇప్పుడే పరీక్ష చేద్దాం."

"నేనే అడుగుతా మేడం."

సంగతి వినగానే సిద్ధేశ్ నవ్వాడు. "నాకు గుచ్చమంటే నువ్వే గుచ్చుకున్నావేందక్కా?" పరీక్ష పేరు విన్నాక నవ్వు పోయింది. "బ్యాడక్కా, వద్దు. మా లారీ సావుకారికి తెలిస్తే బండి మీంచి దింపేస్తాడు."

"మీ సావుకారు యాడుండాడప్పా ఈడ? రిపోర్టు నీకు, నాకు, డాక్టరమ్మకు. ఇంకెవురికీ తెలీదు. వద్దంటే బలవంతం లేదు. నా వేలు చూసి చెప్పు."

అతను ఆమె వేలికేసి చూశాడు.

"రక్తం ఎవురు తీస్తారు?"

"ల్యాబాయన."

"ఆయన నాలుగు చోట్ల పొడుస్తాడు. నువ్వే తియ్యి."

పుష్పావతి వెంటనే సిరంజి అందుకోలేదు. "తిమ్మక్కా, వాడిన సూదులేసే డబ్బా తెచ్చి ఈడ పెట్టు" అంది. మూలన ఉండే ఆ గట్టి ప్లాస్టిక్ డబ్బా మంచం పక్కకి వచ్చాకే కొత్త గ్లవ్స్ తొడుక్కుంది. నరం ఒక్కసారికే దొరికింది. రక్తం సీసాలోకి చేరగానే సూది డబ్బాలో పడింది.

మధ్యాహ్నం లోపలే డాక్టరమ్మ పిలిచి, అతని రక్తంలో ఏమీ లేదంది. అయినా పుష్పావతి రక్తం అప్పుడొకసారి తీయించింది, కొన్ని వారాల తర్వాత ఇంకోసారి చూడాలంది. సిద్ధేశ్‌కు చెబితే, "నేను ముందే చెప్పలే!" అన్నాడు. ముందు అతనేమీ చెప్పలేదు.

ఇంటికి వెళ్ళేసరికి తల్లి మిషను దగ్గర ఉంది. "వేలికేందే ఆ పట్టీ?"

"సూది గుచ్చుకునిందిమా."

"దానికంతనా? నోట్లో పెట్టుకోకుండా."

"మీ సూది వేరే, మా సూది వేరేమా." పుష్పావతి కత్తిరింపుల కుప్పలోంచి పొడవాటి జీన్స్ పట్టీ ఒకటి లాగింది. "దీనికి రెండు కొసలా ఉచ్చులు కుట్టియ్యి. సూదుల డబ్బాను ఆస్పత్రిలో నేను తోసుకుపోయే మందుల బండికి కట్టుకోవల్ల. నేను యాడికి పోతే అది ఆడికి రావల్ల."