అంకుల్ అన్నందుకు

ఈ సంగతి మీద కంపెనీని ఎన్నోసార్లు అడిగాను. ఎవరూ జవాబివ్వలేదు. రిటైరైన రోజు శాలువా కప్పిన అధికారి కూడా "ఇంకా దాన్నే పట్టుకున్నారా?" అని నవ్వి ఊరుకున్నాడు. పట్టుకునే ఉన్నాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఎనభైల చివర్లో, రాయచూరు దగ్గర థర్మల్ కేంద్రానికి బొగ్గు మోసే బెల్టులు నడిపే ఒక కాంట్రాక్టు కంపెనీలో నన్ను కంట్రోల్ డెస్క్ ఆపరేటర్‌గా వేశారు. వ్యాగన్ల నుంచి దింపిన బొగ్గు బంకర్లకు చేరేదాకా ఏ బెల్టు నడవాలో, ఏది ఆగాలో అక్కడి నుంచే చూడాలి. రిలీవర్, అంటే మన బదులు కూర్చునే మనిషి, వచ్చి సంతకం పెట్టనిదే కుర్చీ వదలకూడదు. భార్య, పిల్లలు, ఇరువైపుల తల్లిదండ్రులు పోతే మాత్రం షిఫ్ట్ ఇంచార్జి వెంటనే రిలీవర్‌ని పిలిపించాలి. మిగతా బంధువులకైతే షిఫ్ట్ అయ్యేదాకా ఆగాల్సిందే.

ఒకరోజు పొద్దుటి షిఫ్ట్‌లో దేవదుర్గ నుంచి ఫోను వచ్చింది. మామ పోయాడు. ఆయన మా అమ్మకు తమ్ముడు, నా భార్యకు తండ్రి. కొడుకుల్లేరు కనుక తలకొరివి నేనే పెట్టాలి.

మా ఇంచార్జి ఉత్తరాది నుంచి కొత్తగా వచ్చినవాడు. పుట్టినప్పటి నుంచీ ఉన్న వరసే ముందు నోటికొచ్చి, "అంకుల్ ఎక్స్‌పైర్డ్ సార్" అన్నాను. అంకుల్‌కు రిలీవర్ రాడన్నాడు. ఆయనే నాకు ఫాదర్-ఇన్-లా అని చెప్పాను. ఇంతలోనే అంకుల్ మామగారెట్లా అయ్యాడని అడిగాడు. మాది మేనరికమని, మేనమామ కూతుర్నే చేసుకున్నానని వివరించాను.

"అంటే కజిన్ సిస్టర్‌ని పెళ్లి చేసుకున్నావా?" అన్నాడు, గదిలో అందరికీ వినబడేలా. ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఎవరెవరో నాకు ఇప్పటికీ గుర్తే.

ఫిట్టర్ బసన్న మా వీధివాడే. నా వైపు తిరిగి, "ఏందన్నా, నువ్వు గూడ అంకుల్ అంటివి. ఆ మాటల మామ యాడున్నడు, చిన్నాయన యాడున్నడు?" అన్నాడు. తర్వాత తన రాయచూరు హిందీలో ఇంచార్జికి చెప్పబోయాడు, చిన్నాయన బిడ్డ చెల్లెలు గానీ మామ బిడ్డ మరదలని. పని చూసుకోమని ఇంచార్జి అతన్ని బయటికి పంపేశాడు.

షిఫ్ట్ దిగాకే బస్సెక్కాను. వాన మబ్బు కమ్మిందని అక్కడి బంధువులు నా కోసం ఆగలేదట. మామ అన్న కొడుకు కొరివి పెట్టేశాడు. జరిగింది చెబితే నా భార్య ఒక్కటే అడిగింది: "మా నాయన నీకు అంకులాయెనా, బావా?"

తిరిగొచ్చేసరికి మెమో సిద్ధంగా ఉంది. సెలవు కోసం బంధుత్వం మార్చి చెప్పానట. ఆ మాట నా సర్వీసు రికార్డులో రిటైరయ్యేదాకా ఉంది, ఇప్పటికీ ఉంది.

ఆ తర్వాత డెస్క్ మీదికి కొత్తగా వచ్చిన ప్రతివాడికీ స్విచ్చుల కంటే ముందు ఇదే నేర్పాను. చావు కబురు చెప్పేటప్పుడు అంకుల్ అనొద్దు. అమ్మ తమ్ముడైతే అమ్మ తమ్ముడని, భార్య తండ్రైతే భార్య తండ్రని చెప్పండి. రెండూ ఒక్కడే అయితే రెండూ చెప్పండి, ముందు రెండోది.

ఆ ఇంచార్జి ఎక్కడున్నాడో తెలియదు. కంపెనీ ఆఫీసు మాత్రం ఉంది. నేను బంధుత్వం మార్చలేదు. పోయింది ఒక్క మనిషి, ఆయనతో నాకున్న వరసలు రెండు. అందులో ఏది అబద్ధమో చూపించండి, లేదా ఆ మెమో కొట్టేశామని రాసివ్వండి. ఈసారి జవాబు రావాలి.